మద్రాసు మౌంట్ రోడ్డులో ఒక పుస్తకాల దుకాణం: వాణిజ్య భవనపు వారసత్వ విలువ

సంఘ చరిత్ర వ్రాసేవారు దేవాలయాలను, మిషను బంగళాలను, పాఠశాలలను, ఆసుపత్రులను లెక్కలోనికి తీసుకుంటారు. దుకాణాలను తీసుకోరు. వ్యాపార స్థలానికి చరిత్ర ఏమిటన్న చిన్నచూపు ఇందుకు కొంత కారణమని మా అభిప్రాయం. ఈ వ్యాసంలో అటువంటి ఒక భవనాన్ని పరిశీలించదలచాము. అది చెన్నై అన్నా సాలైలో, అనగా పూర్వపు మౌంట్ రోడ్డులో, 1904లో ఏర్పడిన హిగ్గిన్‌బాథమ్స్ పుస్తకాల దుకాణం.

దీని మూలం మిషను పనిలోనే ఉంది. మద్రాసులో వెస్లియన్ మిషనరీలు ఒక పుస్తకాల దుకాణం నడిపేవారు. అక్కడ పుస్తకాల బాధ్యత చూసే ఉద్యోగి అబెల్ జాషువా హిగ్గిన్‌బాథమ్. (ఇతడు ఓడలో దొంగచాటుగా ప్రయాణించి పట్టుబడి మద్రాసులో దింపివేయబడ్డాడని ఒక కథ ఉంది. కథగానే చెబుతున్నాము.) దుకాణం నష్టాల్లో పడగా మిషనరీలు అమ్మకానికి పెట్టారు. 1844లో హిగ్గిన్‌బాథమ్ దానిని కొన్నాడు. మిషను నిలబెట్టలేకపోయిన పుస్తక వ్యాపారాన్ని మిషను ఉద్యోగే నిలబెట్టాడు. దీనిని మిషను వైఫల్యమని మాత్రమే చదవడం సరికాదు. ఇంగ్లీషు చదవగలవారిని తయారుచేసినవి అధిక భాగం మిషను పాఠశాలలే. ఆ చదువరులే తరువాతి కాలపు కొనుగోలుదారులు.

తెలుగువారికి ఈ నగరం పరాయిది కాదు. ప్రిచెట్ అనువదించిన తెలుగు క్రొత్త నిబంధన 1818లో అచ్చయినది మద్రాసులోనే. 1953 వరకు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు పాలనలోనే ఉన్నాయి. 1937లో తాంబరానికి తరలిపోయే వరకు మద్రాసు క్రైస్తవ కళాశాల కూడా నగరం నడుమనే ఉండేది.

ఇక భవనం సంగతి. ఏడవ ఎడ్వర్డ్ రాజ్యకాలం 1901 నుండి 1910 వరకు. ఆ కాలపు కట్టడాలనే ఎడ్వర్డియన్ అంటారు. ఈ దుకాణానికి ఆ పేరు మరొక విధంగానూ తగును. ఎడ్వర్డ్ యువరాజుగా 1875లో భారతదేశానికి వచ్చినప్పుడు ఈ సంస్థే ఆయనకు అధికారిక పుస్తక విక్రేత. అయినా భవనంలో రాచఠీవి తక్కువ. తెల్లని ముఖభాగం, రంగుటద్దాలు, ఎత్తైన పైకప్పు, వెడల్పాటి ద్వారాలు. పైకప్పు ఎత్తు అలంకారం కోసం కాదు. సముద్రపు గాలిలోని తేమ కాగితానికి శత్రువు గనుక గాలి ఆడాలి. మేము విలువైనదిగా ఎంచుతున్నది ఇదే: పుస్తకాల అవసరం గోడల కొలతను నిర్ణయించింది. 1905లో బెంగళూరులో శాఖ, దక్షిణాది రైల్వే స్టేషన్లలో పుస్తకాల స్టాళ్ళు కూడా ఈ సంస్థ పనిలో భాగమయ్యాయి.

అదే రోడ్డులోని మిగతా వాణిజ్య కట్టడాల గతి వేరు. స్పెన్సర్ వారి పాత భవనం 1980లలో అగ్నికి ఆహుతైంది. మందుల వ్యాపారం కోసం 1897లో కట్టిన కార్డిల్ భవనాన్ని, అనగా భారత్ ఇన్సూరెన్స్ భవనాన్ని, 2006లో కూల్చనారంభించారు. పరిరక్షకులు న్యాయస్థానానికి వెళ్ళారు. 2010లో మద్రాసు హైకోర్టు దానిని కూల్చరాదని తీర్పునిచ్చింది. దేవాలయాన్ని కూల్చబోతే సంఘస్థులు అడ్డం నిలుస్తారు. దుకాణం పోతే కొనుగోలుదారుడు ప్రక్క వీధికి వెళతాడు. స్థలం ధర భవనం ధరను మించిన రోజున దానికి దిక్కెవరు? పైగా చట్టం గోడలను కాపాడగలదు గాని లోపల జరిగే పనిని కాపాడలేదు. పుస్తకాల కోసం కట్టిన గదిలో పుస్తకాలే ఉండటం వలన హిగ్గిన్‌బాథమ్స్‌కు ఎక్కువ విలువ ఇస్తున్నాము. రంగుటద్దాలు ఆ తరువాతి మాట.

పరిశోధనకు అంశం వెదకుచున్న విద్యార్థులు మన పట్టణాలలోని పాత పుస్తకాల డిపోలను, మిషను స్థలాల్లో రోడ్డువైపు కట్టిన అద్దె కొట్లను చూడవచ్చును. సబ్ రిజిస్ట్రారు కార్యాలయపు దస్తావేజులు, మునిసిపాలిటీ పన్ను రికార్డులు, సంఘ కమిటీ మినిట్సు పుస్తకాలు ఇందుకు ఆధారాలు. వీటిలో కమిటీ మినిట్సే ముందుగా చెదల పాలవుతాయి గనుక పని వాటితో మొదలుపెట్టడం మంచిది.