విదేశయాత్రకు కాగితాలు: ఒక ఏర్పాటు చరిత్ర

విదేశానికి బయలుదేరేవారు నేడు సిద్ధం చేసుకునే పత్రాలు ఒకేసారి పుట్టినవి కావు. వలస కూలీల ఓడల నుంచి ఎమిగ్రేషన్ అనుమతి, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి పాస్‌పోర్టు, అంటువ్యాధుల భయం నుంచి టీకా పత్రం, డాలర్ల కొరత నుంచి విదేశీ మారకపు నిబంధనలు వచ్చాయి. ఏ పత్రం ఎందుకు పుట్టిందో తెలిస్తే, దాన్ని ఎప్పుడు, ఎంత జాగ్రత్తగా సిద్ధం చేసుకోవాలో కూడా తెలుస్తుంది.

కూలీల ఓడలు

భారతదేశంలో విదేశ ప్రయాణానికి పకడ్బందీగా కాగితాలు రాసింది మొదట ధనికుల కోసం కాదు, ఒప్పంద కూలీల కోసం. 1834లో బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దు కావడంతో మారిషస్ చెరకు తోటలకు, ఆ తరువాత ఇతర వలసలకు భారతీయ కూలీలను ఎక్కించడం మొదలైంది. 1860లో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు చేరింది. తరువాతి దశాబ్దాల్లో ఆ దారినే తమిళులతో పాటు వేలాది తెలుగువారు వెళ్లారు. ఓడ ఎక్కేముందు ప్రతి కూలీకి వైద్య పరీక్ష జరిగేది. పేరు, తండ్రి పేరు, కులం, వయసు, ఊరు, ఒంటిమీది గుర్తులు రాసిన ఎమిగ్రేషన్ పాసు చేతికిచ్చేవారు. కూలీ తన ఇష్టంతోనే వెళ్తున్నాడా అని విచారించే అధికారిని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ అనేవారు. ఆ విచారణ చాలాసార్లు తంతుగానే ముగిసేది. మోసపోయి ఓడెక్కినవారి గోడుకు, జాతీయ నాయకుల ఆందోళనకు తలవంచి ప్రభుత్వం 1917లో ఒప్పంద కూలీల ఎగుమతిని ఆపేసింది. ప్రొటెక్టర్ పదవి మాత్రం అదే పేరుతో నేటికీ ఉంది.

రంగూన్ దారి

తెలుగు తీరానికి బాగా పరిచయమైన విదేశం బర్మా. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచి, ఆ తరువాత కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి కూలీలు రంగూన్ వెళ్లేవారు. అక్కడ తెలుగువారిని ఆ రేవు పేరుతోనే కోరంగీలని పిలిచారు. బియ్యపు మిల్లుల్లో, ఓడరేవులో వారి శ్రమ కనిపించేది. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో భాగం కావడంతో పాస్‌పోర్టుతో పని లేదు. కూలీలను కూర్చే మేస్త్రీ ముందుగా ఇచ్చే బయానా, ఓడ టికెట్టు ఉంటే ప్రయాణం కుదిరినట్టే. బయానా తీర్చేదాకా మేస్త్రీ చెప్పిన పని చేయక తప్పేది కాదు.

1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోవడంతో నిన్నటిదాకా సొంత దేశంగా ఉన్న చోటు పరదేశమైంది. 1941లో కుదిరిన భారత్-బర్మా ఒప్పందం ప్రవేశానికి పాస్‌పోర్టో అనుమతి పత్రమో ఉండాలని నిర్దేశించింది. అదే ఏడాది డిసెంబరులో జపాను రంగూన్‌పై బాంబులు వేసింది. లక్షల మంది భారతీయులు కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరుగుముఖం పట్టారు. దారిలో ఎందరో చనిపోయారు.

యుద్ధం తెచ్చిన పుస్తకం

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు యూరప్‌లో చాలా చోట్ల పాస్‌పోర్టు లేకుండానే సరిహద్దులు దాటేవారు. 1914లో యుద్ధం రాగానే గూఢచారుల భయం పెరిగింది, సైన్యానికి మనుషులు కావలసివచ్చింది. దాంతో ప్రభుత్వాలు రాకపోకలపై కన్నేశాయి, పాస్‌పోర్టులో ఫోటో తప్పనిసరి అయింది. భారతదేశంలోనూ యుద్ధకాలపు చట్టాలతోనే దేశం దాటడానికి పాస్‌పోర్టు అవసరమైంది. 1920లో పాస్‌పోర్టు చట్టం వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో నానాజాతి సమితి పారిస్‌లో జరిపిన సమావేశం అన్ని దేశాలకూ 32 పేజీల ఒకే తరహా పుస్తకాన్ని సిఫారసు చేసింది. నేటి పాస్‌పోర్టు రూపానికి మూలం అదే.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రభుత్వం ఇష్టంగానే సాగింది. దీన్ని మార్చింది 1967 ఏప్రిల్ 10న సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. రాజమహేంద్రవరంలో పుట్టిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు మెజారిటీ తీర్పు రాశారు. విదేశయాత్ర హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దాన్ని కాదనే వీలు లేదని అందులో తేల్చారు. ఆ తీర్పుతో ప్రభుత్వం జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం తేవలసివచ్చింది. మేనకా గాంధీ పాస్‌పోర్టును కారణం చెప్పకుండా స్వాధీనం చేయమన్న కేసులో 1978 జనవరి 25న వచ్చిన తీర్పు, ఆ చట్టాన్ని అమలు చేసే పద్ధతి న్యాయంగా ఉండాలని స్థిరపరచింది. నేడు దరఖాస్తును తిరస్కరిస్తే సాధారణంగా కారణాలు రాసి ఇవ్వాలి, అప్పీలుకు వీలుంటుంది. ఈ రక్షణ ఆ తీర్పుల ఫలం.

సూది మందు

కలరా, ప్లేగు, మశూచి ఓడలతో పాటు ఖండాలు దాటేవి. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన నిబంధనలు మశూచి, కలరా, ఎల్లో ఫీవర్ టీకాల అంతర్జాతీయ పత్రానికి ఒకే రూపం ఇచ్చాయి. చాలా కాలం విమానం ఎక్కే ప్రతివాడి పాస్‌పోర్టు పక్కన ఆ చిన్న పసుపు పుస్తకం ఉండేది. కలరా టీకా ఆ వ్యాధి వ్యాప్తిని ఆపలేదని తేలడంతో 1973లో ఆ షరతు తొలగించారు. 1980లో మశూచి ప్రపంచం నుంచి నిర్మూలమైనట్టు ప్రకటించాక దాని పత్రం కూడా అవసరం లేకపోయింది.

ఎల్లో ఫీవర్ పత్రం ఒక్కటే మిగిలింది. భారతదేశంలో ఈ వ్యాధి లేకపోయినా, దాన్ని మోసే ఏడిస్ దోమ ఉంది. అందుకే ఆఫ్రికా, దక్షిణ అమెరికా వ్యాధి ప్రాంతాల నుంచి పత్రం లేకుండా వచ్చేవారిని ఇక్కడ క్వారంటైన్‌లో ఉంచుతారు. టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే పత్రం చెల్లుతుంది. 2016 జూలై నుంచి అది జీవితకాలం పనికొస్తుంది. ఆ దేశాలకు వెళ్లేవారు చివరి వారంలో టీకా కేంద్రం కోసం వెతకడం వల్ల ప్రయోజనం ఉండదు.

ఎనిమిది డాలర్లు

రెండవ ప్రణాళిక కాలంలో, 1957 నాటికి దేశపు విదేశీ మారక నిల్వలు కరిగిపోయాయి. 1947 నాటి విదేశీ మారక చట్టం కింద అప్పటికే ఉన్న నియంత్రణ ఇంకా బిగిసింది. పర్యటనకు రిజర్వు బ్యాంకు అనుమతి కోరే పి ఫారం నింపవలసివచ్చేది. 1960లలో అమెరికా వెళ్లిన ఎందరో భారతీయ విద్యార్థులు జేబులో ఎనిమిది డాలర్లతోనే దిగారు. వారికి విమానాశ్రయంలో ఎదురొచ్చే బంధువో, విశ్వవిద్యాలయం ఇచ్చే తొలి నెల వేతనమో ఆధారం.

1991 సంస్కరణల తరువాత ఈ ముడి వదులైంది. 1999లో చేసిన విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) 2000 జూన్ నుంచి అమలైంది. ఒక వ్యక్తి విదేశానికి సొమ్ము పంపడానికి 2004లో ఏడాదికి 25,000 డాలర్లతో మొదలైన రిజర్వు బ్యాంకు సడలింపు పథకం పరిమితి 2015 నాటికి 2,50,000 డాలర్లకు పెరిగింది. నగదుగా తీసుకెళ్లడానికి మాత్రం పరిమితి ఉంది. మిగతా సొమ్ము కార్డులో ఉంచుకోవాలి, మార్పిడి రసీదు దాచుకోవాలి.

గల్ఫ్ బాట

1973 తరువాత చమురు ధరలు పెరగడంతో గల్ఫ్ దేశాలు నిర్మాణ పనులకు మనుషులను పిలిచాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి వేలాదిమంది బయలుదేరారు. వెనకటి మేస్త్రీ స్థానంలో ఏజెంటు వచ్చాడు, బయానా స్థానంలో వీసా కోసం చేసిన అప్పు వచ్చింది. 1922 నాటి పాత చట్టం చాలక 1983లో కొత్త ఎమిగ్రేషన్ చట్టం తెచ్చారు. పదో తరగతి పాస్ కానివారు గల్ఫ్ తదితర నిర్దిష్ట దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ అనుమతి తీసుకోవాలి. ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. అనుమతి ఉన్న పని ఒప్పందంలో జీతం, పనిగంటలు రాసి ఉంటాయి, బీమా కూడా దక్కుతుంది. సందర్శక వీసామీద వెళ్లి పని చూసుకోవచ్చని నమ్మినవారికి ఈ రక్షణలేవీ ఉండవు. నూరేళ్ల కిందటి కూలీల గోడు వారి విషయంలో మళ్లీ వినిపిస్తుంది.

నేటి క్రమం

2010 తరువాత పాస్‌పోర్టు సేవా కేంద్రాలు, 2017 నుంచి తపాలా కార్యాలయాల్లో వెలిసిన కేంద్రాలు దరఖాస్తును జిల్లాల దాకా తెచ్చాయి. పోలీసు విచారణకు పట్టే సమయం మాత్రం నేటికీ ప్రయాణికుడి చేతిలో లేదు. అందుకే ఏర్పాట్లు పాస్‌పోర్టుతోనే మొదలుపెట్టాలి. అందులోని పేరు, పుట్టిన తేదీ ఇతర ధ్రువపత్రాలతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. చాలా దేశాలు ప్రయాణ తేదీ తరువాత ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి కాబట్టి గడువు ముందే చూసుకోవాలి. తరువాత వీసా, అవసరమైన దేశాలకు టీకా, పనికి వెళ్లేవారికి ఎమిగ్రేషన్ అనుమతి, ఆపై డబ్బు ఏర్పాటు. ప్రతి పత్రానికీ రెండు నకళ్లు తీసి, ఒకటి ఇంట్లో ఉంచి, ఒకటి అసలు నుంచి వేరుగా పెట్టెలో పెట్టుకోవాలి. పరదేశంలో పాస్‌పోర్టు పోతే భారత రాయబార కార్యాలయానికి తానెవరో చూపుకోవడానికి ఆ నకలే మొదటి ఆధారమవుతుంది.