టార్టాన్

స్కాట్లాండ్ గళ్ల ఉన్నిబట్టకు లోకమంతా వాడే ఈ పేరు అక్కడి గేలిక్ భాషది కాదు. ఉన్ని, నార కలిపి నేసిన ఒక బట్టను ఫ్రెంచివాళ్లు ‘తిర్తేన్’ అనేవారు. మాట అక్కడినుంచే వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అంటే మొదట అది నేత పేరు, గళ్ల పేరు కాదు. 1538లో రాజు ఐదో జేమ్స్ లెక్కల్లోనూ ‘హైలాండ్ టార్టాన్’, అంటే స్కాట్లాండ్ కొండసీమ టార్టాన్, కనిపిస్తుంది. గేలిక్‌లో మాత్రం దీన్ని ‘బ్రెకన్’ అంటారు: మచ్చలది, రంగురంగులది అని. నాకు ఈ మాటే ఇష్టం, కంటికి ఆనేదాన్ని చెబుతుంది కనుక.

ఆ రంగుల లెక్క అద్భుతం. పడుగులో దారాల రంగులు ఏ వరసలో వస్తాయో సాధారణంగా పేకలోనూ అదే వరస. దీన్నే ‘సెట్’ అంటారు. ఎరుపు మీద ఎరుపు పడితే నిండు ఎరుపు. ఎరుపు, పచ్చ కలిస్తే రెంటి నడుమ ఛాయ. అలా ఆరు రంగుల దారాలతోనే 21 ఛాయలు పుట్టించవచ్చు!

1746లో వచ్చిన ఒక చట్టం మగవాళ్లకు టార్టాన్‌తో సహా హైలాండ్ దుస్తులు నిషేధించింది. 1782లో దాన్ని ఎత్తేశారు. ఒక్కో వంశానికి ఒక్కో సెట్ అన్న పట్టింపు బలపడింది ఆ తర్వాతే, ముఖ్యంగా 1822లో నాలుగో జార్జి ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు. ఆ వేడుకలు నడిపించింది నవలాకారుడు వాల్టర్ స్కాట్.