నూలుకు తేమ, ఆకుకు తేమ: సిరిసిల్ల, కోరుట్ల పనిగదుల చరిత్ర

ఉత్తర తెలంగాణలో గోదావరికి దక్షిణాన ఉన్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో వేసవి మధ్యాహ్నపు ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం, ఆ వేళ సాపేక్ష ఆర్ద్రత, అంటే ఆ వేడి వద్ద గాలి మోయగలిగిన నీటి ఆవిరిలో నిజంగా అందులో ఉన్న భాగం, 30 శాతానికి దిగువకు పడిపోవడం ఏటా జరిగేదే. అయినా ఇక్కడ స్థిరపడిన రెండు పెద్ద వృత్తులు, నేతపని, బీడీపని, పొడిగాలిలో సాగనివే కావడం విశేషం. అందువల్ల ఈ పట్టణాల పనివారి చరిత్రలో గణనీయమైన భాగం నాలుగు గోడల మధ్య చెమ్మను నిలుపుకోవడానికి పడిన ప్రయాసే. ఆ చెమ్మను సరుకు అవసరాన్ని బట్టి తూచారు తప్ప, మనిషి అవసరాన్ని బట్టి ఎన్నడూ తూచలేదు.

పత్తి నూలు గాలిలోని తేమను పీల్చుకునే పదార్థం. 20 డిగ్రీల వేడి, 65 శాతం ఆర్ద్రత ఉన్న గాలిలో అది తన పొడి బరువులో సుమారు ఎనిమిది శాతం నీటిని పట్టి ఉంచుతుంది. తేమ పెరిగినకొద్దీ దాని బలం పెరుగుతుంది, తగ్గితే పోగు పెళుసుబారి, ప్రతి నాడె విసురుకూ తెగే ప్రమాదం ఏర్పడుతుంది. కొలతలు, పరికరాలు లేని కాలంలోనే పద్మశాలి నేతగాళ్లు ఈ సంగతికి ఒక నిర్మాణంతో సమాధానం చెప్పారు. అదే గుంట మగ్గం. నేతగాడు గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి తొక్కుడు చెక్కలను ఆడిస్తుండగా, పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా చాచిన పోగుల వరుస, నేలకు కొద్ది ఎత్తులోనే సాగుతుంది కాబట్టి మట్టి నుంచి పైకి వచ్చే చల్లదనం నేరుగా నూలుకు అందుతుంది. మట్టిగోడలు, తక్కువ ఎత్తు కప్పు, చిన్న కిటికీలు, నేల మీద చల్లే నీళ్లు ఆ చల్లదనాన్ని గదిలోనే కట్టి ఉంచేవి. మగ్గపు గది చీకటిగా ఉండటానికి పేదరికం ఒక కారణమైతే, నూలు రెండో కారణం.

పడుగుకు గంజి పట్టించడంలోనూ ఇదే లెక్క పనిచేసేది. గంజి పోగు మీద పొరగా అంటుకుని రాపిడిని తట్టుకునే శక్తినిస్తుంది, అయితే అది మరీ త్వరగా ఆరితే బీటలు వారుతుంది, ఆరకపోతే పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కనుక వీధి పొడవునా పడుగు చాచి కుంచెతో గంజి రాసే పనిని, ఇంటిల్లిపాదీ కలిసి, ఎండ ముదరకముందే ముగించేవారు. వానాకాలం దీనికి పూర్తిగా తలకిందులు: గంజి ఆరదు, గుంటలోకి నీరు ఊరుతుంది, మగ్గం ఆగిపోతుంది. చేనేత కుటుంబాలకు వర్షాకాలం పస్తుల కాలంగా మిగలడానికి ఇది ముఖ్య కారణం.

ఇదే సమస్యను ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు వేరే దారిలో ఎదుర్కొన్నాయి. 1861-65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల అక్కడి పత్తి నిలిచిపోయినప్పుడు, పొట్టి పింజ గల భారతీయ పత్తితో నేయవలసి వచ్చి, నూలుకు గంజి, తెల్లమట్టి దట్టించడం పెరిగింది. అలా బరువెక్కిన నూలు తెగకుండా ఉండటానికి నేత షెడ్లలోకి ఆవిరిని వదిలేవారు. తడిసిన బట్టలతో, ఊపిరాడని గాలిలో పనిచేసిన కార్మికుల నిరసన ఫలితంగా 1889లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసి, ఏ వేడికి ఎంత తేమ మించరాదో పరిమితులు విధించింది. స్వతంత్ర భారతదేశపు 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 15వ సెక్షను, కృత్రిమంగా తేమ పెంచే కర్మాగారాలకు ప్రమాణాలు నిర్ణయించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇవ్వడం ఈ పరంపరలోనిదే. విద్యుత్తు వాడే చోట కనీసం పదిమంది పనివారు ఉంటేనే ఆ చట్టం దృష్టిలో అది ఫ్యాక్టరీ అయ్యేది. సిరిసిల్ల కథను నిర్ణయించింది ఈ చిన్న నిర్వచనమే.

భీవండి, ముంబయి, షోలాపూర్‌లకు వలసపోయిన నేతగాళ్లు అక్కడ మరమగ్గాల పని నేర్చుకుని, ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో ఆ యంత్రాలను సొంత ఊరికి తెచ్చారు. వీటినే సిరిసిల్లలో సాంచాలు అంటారు. నాలుగైదు సాంచాలు నడిపే ఆసామి ఇంటినో, ఇంటి పక్క రేకుల షెడ్డునో ఏ ఫ్యాక్టరీ ఇన్స్‌పెక్టరూ చూడవలసిన అవసరం లేకపోయింది. ఆ తర్వాత పట్టణం క్రమంగా పాలిస్టర్ వైపు మళ్లింది. పాలిస్టర్ పోగు పట్టి ఉంచే నీరు తన బరువులో అర శాతం కూడా ఉండదు. మరీ పొడిగాలిలో రాపిడి విద్యుత్తు పుట్టి పోగులు విడిపోయే ఇబ్బంది ఉన్నా, పోగుకు ముందే పట్టించిన నూనె పూత దానిని చాలావరకు అదుపు చేస్తుంది. ఈ మార్పు నిశ్శబ్దంగా జరిగింది, కానీ దాని పర్యవసానం చిన్నది కాదు: నూలుకు తేమ అక్కర తీరిపోగానే నేల తడిపే అలవాటు, మట్టిగోడ, గుంట మూడూ పోయాయి, రేకుల కింద మోటార్ల వేడి మాత్రం మిగిలింది. 2017లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వపు బతుకమ్మ చీరల ఆర్డర్లు సాంచాలకు పని తెచ్చాయి గాని షెడ్ల కప్పులను మార్చలేదు.

బీడీపని తేమను ఇంకా వదులుకోలేదు, ఎందుకంటే బీడీ చుట్టే తునికాకుకు ప్రత్యామ్నాయం రాలేదు. అడవిలో ఏప్రిల్, మే నెలల్లో కోసి, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి, కల్లాల్లో ఆరబెట్టిన ఆకు ఎంత పెళుసుగా ఉంటుందంటే, నీళ్లు చిలకరించి మెత్తబరచకుండా సంచుల్లో నింపితే పొడి అయిపోతుంది. నీరెక్కువైతే బూజు పడుతుంది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లలో బీడీలు చుట్టే స్త్రీలు ఈ ఒడుపునే రోజూ పాటిస్తారు. రాత్రి ఆకును తడిపి, నీరు ఓడ్చి, తడి గోనెలో చుట్టి ఉంచి, తెల్లవారి కత్తెరతో కొలతకు కత్తిరించి, కత్తిరించిన ముక్కలను మళ్లీ తడిబట్టలో దాస్తారు. పక్కనే చాటలో ఉన్న తంబాకు మాత్రం పొడిగా ఉండాలి. ఫ్యాను వేస్తే ఆకు ఎండిపోతుంది, తంబాకు ఎగిరిపోతుంది. అందుకని ఎండాకాలంలోనూ ఫ్యాను ఆపి, తలుపు వారగా మూసి కూర్చునేవారు ఎందరో. చుట్టిన బీడీలను కంపెనీలో బట్టీ మీద ఆరబెట్టే పని యజమాని ఖర్చుతో జరుగుతుంది, తేమను కాపాడే పని ఇంటి ఖర్చుతో జరుగుతుంది, చిరిగిన ఆకు నష్టం చుట్టిన మనిషి మీద పడుతుంది. ఈ ప్రాంతపు బీడీ పరిశ్రమ లాభానికి ఇది కనిపించని పునాది అనడం అతిశయోక్తి కాదు. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవారిని కూడా కార్మికులుగా గుర్తించింది, అది గొప్ప విషయమే. కాని గాలి, వెలుతురు, వేడి గురించిన దాని నిబంధనలు కార్ఖానా ప్రాంగణాలకే గాని వంటగది పక్క వసారాకు చేరలేదు.

జగిత్యాల పసుపుది ఇందుకు విరుద్ధమైన దారి. ఉడికించిన కొమ్ములను పది, పదిహేను రోజులు ఎండలో ఆరబెట్టి తేమను పది శాతం దాకా దించడమే అక్కడి పని కనుక, ఇతర వృత్తులకు శత్రువైన పొడిగాలి రైతుకు ఉచితంగా దొరికిన సాధనమయింది.

మళ్లీ సిరిసిల్ల షెడ్ల సంగతికి వస్తే, 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల నియమావళి, విద్యుత్తు వాడే ఫ్యాక్టరీకి కావలసిన కనీస కార్మికుల సంఖ్యను పది నుంచి ఇరవైకి పెంచింది. నాలుగు సాంచాల షెడ్డు 1948 చట్టానికి ఎంత దూరంలో ఉండేదో, ఈ నియమావళికి అంతకంటే దూరంలో ఉంది.