తాళ్లపాకవారి సంకీర్తన భాండారము

గాన వాఙ్మయమునకు సంభవించు విపత్తులు ద్వివిధములు. అగ్ని, జలము, చెదలు, రాజ్యవిప్లవము అనునవి ప్రత్యక్షములు. పోషణము క్రమముగా సన్నగిల్లి గాయకులు లేకుండఁబోవుట పరోక్షము. వీనిలో దేనికిఁ బూర్వులు ముందుగాఁ బ్రతీకారము చేసిరో, దేనికిఁ జేసిన యేర్పాటు నిలువదయ్యెనో తిరుమలయందలి తాళ్లపాకవారి సంకీర్తన భాండార చరిత్రమువలన విశదమగుచున్నది.

తాళ్లపాక అన్నమాచార్యుఁడు (1408–1503) 32,000 సంకీర్తనములు రచించెనని యాతని పౌత్రుఁడు చినతిరువేంగళనాథుఁడు ద్విపద చరిత్రమునఁ జెప్పెను. నాఁడు గ్రంథరక్షణమునకుఁ దాటియాకే సామాన్యసాధనము. అది తేమకును బురుగునకును లోఁబడునది. కొన్ని తరముల కొకమాఱు తిరుగ వ్రాయింపకున్న నశించును. అన్నమాచార్యుని తనయుఁడగు పెదతిరుమలాచార్యుని కాలమున నీ కృతులు రాగిఱేకులపైఁ జెక్కింపఁబడినవి. తరువాతఁ దద్వంశజుల రచనలును వానిం జేరెను. రెండువేలకు మించిన యా ఱేకులు శ్రీవేంకటేశ్వరుని యాలయమున నొక ఱాతియఱలో నుంపఁబడెను. అగ్నిజలములకుఁ గాని కీటకములకుఁ గాని యివి సులభముగ లొంగవు. అంతియకాదు, తాళ్లపాకవారి ఱేకులు కొన్ని యహోబిలమునందును గానవచ్చినవి. ఒకచోట నాపద గలిగినను మఱియొకచోఁ గొంత మిగులుటకు స్థానభేద మొక యుపాయము.

ఱేకులను భద్రపఱచుటతో వారు తృప్తినొందలేదు. సంకీర్తన భాండారము తిరుమల శాసనములలోఁ బేర్కొనఁబడినది. తాళ్లపాకవారు స్వామి కైంకర్యములకు గ్రామాదాయములు సమర్పించుటయు శాసనములవలనఁ దెలియుచున్నది. అఱ కిరుగడలఁ జెక్కఁబడిన గాయక ప్రతిమలు, ఆ స్థలము కేవల నిక్షేపస్థానము గాక గానసేవతో ముడివడినదని సూచించుచున్నవి. కాని 1565వ సంవత్సరపు రక్కసితంగడి యుద్ధముతో విజయనగర ప్రభువుల ప్రాభవము తగ్గెను. కాలక్రమమున గానసేవయుఁ దఱిగి, భాండారము పండితలోకమునకు విస్మృతప్రాయమయ్యెను.

19వ శతాబ్ది యారంభమున ఏ. డి. క్యాంబెల్ తన తెలుఁగు వ్యాకరణపు పీఠికలో నీ ఱేకులను బ్రస్తావించెను. అవి వ్యాకరణ గ్రంథమని వినియుండి, పరిశీలింపఁగా దేవతాస్తుతులుగాఁ దేలినవని వ్రాసెను. ఆ వార్తవలన భాండార ముద్ధరింపఁబడలేదు. 1922వ సంవత్సరమున ఱేకులు వెలికివచ్చినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మున్నగు విద్వాంసుల పరిశ్రమవలనను, దేవస్థానమువారి ద్రవ్యసాహాయ్యమువలనను అవి క్రమముగా ముద్రితములైనవి. చరిత్రమునఁ జెప్పిన సంఖ్యలో లభించినవి సగమునకుఁ దక్కువయే.

ఐనను లభించినదానిలో లోపించినది వేఱొకటి కలదు. ఱేకులపై నొక్కొక్క పాటకు రాగనామము వ్రాయఁబడినది, స్వరములు లేవు. ఆబాలి, అమరసింధు, కొండమలహరి మొదలగు రాగముల పేళ్లు మిగిలినవి. అన్నమాచార్యుఁడు వానిని బాడిన తీరు మిగులలేదు. ముఖస్థముగ నేర్పు గురుశిష్యపరంపర తెగుటయే దీనికిఁ గారణము. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మున్నగువారు పెక్కు సంకీర్తనములకు నూతనముగ స్వరకల్పన చేయవలసివచ్చెను. ఆ కృషి యమూల్యమే. కాని పోయిన బాణీని మఱల రప్పించుట యెవ్వరికిని శక్యము గాదు.

దీనికి సమీపమైన నిదర్శన మా వంశమునందే కలదు. అన్నమాచార్యుఁడు సంస్కృతమున రచించిన సంకీర్తనలక్షణము లభింపలేదు. మనుమఁడు చినతిరుమలాచార్యుఁడు దానిని దెనిఁగించుటచే శాస్త్రము నిలిచినది. మూలము పోయినను నేర్చినవాఁ డొక్కఁడు మఱల వ్రాసినచో విద్య నిలుచునని దీనివలనఁ దెలియుచున్నది.

కావున విపత్తులనుండి కళలను రక్షించుటయందు వస్తురక్షణము సగము కార్యము మాత్రమే. రాగియు ఱాయియుఁ బదములను నాలుగు శతాబ్దములు కాపాడినవి. పాటను గాపాడుటకు గాయకునికి భృతియు, శిష్యునికి నాశ్రయమును నెడతెగక జరుగవలసియుండెను. ఉపద్రవానంతరమున గ్రంథములకై వెచ్చించు ధనములోఁ గొంత, వానిని బాడఁగలవారి జీవనమునకును వినియోగింపవలెనని యీ చరిత్రము బోధించుచున్నది.