పచ్చదోమ: పేర్లు, గుర్తింపు, వలస – ఒక చారిత్రక పరిశీలన

నిమ్మనపల్లె, మదనపల్లె ప్రాంతాల వంగ, బెండ తోటల్లో ఆకు అడుగున చేరి రసం పీల్చే లేతపచ్చ పురుగుకు వాడుకలో ఉన్న పేరు పచ్చదోమ. దీపం వెలుగుకు చేరే అలవాటును బట్టి దీపపు పురుగు అన్న పేరు కూడా వ్యవసాయ రచనల్లో కనిపిస్తుంది. తెలుగులో ‘దోమ’ ఒక జాతికి పరిమితమైన మాట కాదు. తెల్లదోమ, వరిని కాల్చే సుడిదోమ, మనిషిని కుట్టే దోమ వేర్వేరు కుటుంబాలకు చెందినవైనా ఒకే మాట కిందికి వచ్చాయి. రూపం, రంగు, నష్టం ఈ పేర్లకు ఆధారాలు. వంశక్రమంతో వాటికి పని లేదు.

శాస్త్ర నామాల చరిత్రలోనూ ఇటువంటి చిక్కే ఉంది. 1913లో ఇషిదా ఈ పురుగును తైవాన్ నమూనాల ఆధారంగా వర్ణించి ‘బిగుట్టుల’ అని పేరు పెట్టాడు. రెండు చిన్న చుక్కలు గలది అని దాని అర్థం. ముందు రెక్కల చివరి భాగంలో, ఒక్కో రెక్కకు ఒకటి చొప్పున కనిపించే నల్లచుక్కలే అందుకు కారణం. 1918లో డిస్టంట్ భారతదేశపు పురుగుకు ‘డెవాస్టాన్స్’, అంటే నాశనకారి, అన్న పేరిచ్చాడు. భారతీయ వ్యవసాయ రచనల్లో చాలాకాలం నిలిచింది ఈ రెండవ పేరే. రెండూ ఒకే జాతి అని తేలాక ముందు పేరుకే ప్రాధాన్యం దక్కింది. 1967లో ఘౌరి ఏర్పరచిన ‘అమ్రాస్కా’ ప్రజాతిలో చేరి అది నేటి ‘అమ్రాస్కా బిగుట్టుల’ అయింది. రైతు అనుభవానికి డెవాస్టాన్స్ దగ్గరగా ఉన్నా, గుర్తింపుకు పనికివచ్చింది చుక్కల పేరే.

ఆ గుర్తింపు అవసరం ఇటీవల ఖండాలు దాటింది. 2022 నాటికి ఈ పురుగు పశ్చిమ ఆఫ్రికా పత్తి పొలాలను దెబ్బతీసింది. 2023లో ప్యూర్టోరికోలో, 2024లో ఫ్లోరిడాలో కనిపించి, 2025లో జార్జియా తదితర రాష్ట్రాల పత్తికి పాకింది. తెలుగు నేలలో పాతకాపు అయిన పురుగు అక్కడ పరదేశి. పశ్చిమ ఆఫ్రికాలో ‘జాకోబియెల్లా ఫేషియాలిస్’ అనే పచ్చదోమ ముందునుంచీ ఉంది. కొత్తది దానిలాగే ఉండడం, ఆకు అంచులు పసుపెక్కి, ఎర్రబారి, ముడుచుకుపోయే లక్షణమూ అదే కావడం తొలినాళ్లలో గుర్తింపును కష్టం చేశాయి. పాత పురుగుకు వాడిన మందులు కొత్తదానిపై ఆశించినంత పనిచేయలేదు. ఇక్కడ పేరు తప్పితే మందు తప్పుతుంది.

చుక్కలూ అన్నివేళలా చాలవు. పిల్ల పురుగులకు రెక్కలు పూర్తిగా ఏర్పడవు కనుక రెక్కల మీది చుక్కలు వెతకడం వృథా. వాటి పక్కవాటు నడక పచ్చదోమల కుటుంబాన్ని పట్టిస్తుందే కాని జాతిని చెప్పదు. అందుకే మగ పురుగు జననాంగాల నిర్మాణం, మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. పరీక్ష తుది ఆధారాలయ్యాయి.

మదనపల్లెకు పేరు తెచ్చిన టమాటాలో ఇదే ప్రశ్న తిరగబడి వచ్చింది. ఇక్కడ పరదేశి ‘టూటా అబ్సల్యూటా’ అనే దక్షిణ అమెరికా చిమ్మట. 2014లో మహారాష్ట్రలో బయటపడి, తరువాత ఆంధ్రప్రదేశ్‌తో సహా దక్షిణాది రాష్ట్రాలకు వ్యాపించింది. దాని గొంగళి ఆకు పొరల మధ్య తొలిచిన గుర్తులను పాముపొడగా పొరబడే వీలుంది. పాముపొడ సన్నగా వంకర్లు తిరుగుతుంది, టూటా తొలిచిన చోటు మచ్చలా వెడల్పవుతుంది. పొరను చీల్చి చూస్తే పాముపొడ ఈగ పిల్లకు కాళ్లుండవు, టూటా గొంగళికి ఉంటాయి.