కోనసీమ గృహనిర్మాణంలో కూర్పులు: నారకట్టు నుంచి ఇనుప పట్టీ వరకు

ఉపోద్ఘాతం

గృహనిర్మాణ చరిత్రలో గోడలకు, కప్పులకు దక్కినంత ప్రాధాన్యం వాటిని కలిపి ఉంచే కూర్పులకు దక్కలేదు. దూలాన్ని స్తంభంతోను, వాసాన్ని దూలంతోను బంధించే కట్టు, చీల, మేకు, పట్టీ చూపుకు ఆనని వస్తువులు. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ సముద్రాన్ని ఆనుకొని ఉన్న కోనసీమలో తుఫాను వేళ ఇంటి భద్రత చాలావరకు వాటిమీదనే ఆధారపడుతుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని ఈ కూర్పుల పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

నారకట్టు

తాటాకు ఇంటి చట్రాన్ని తాటి నారతో, కొబ్బరి తాడుతో బిగించేవారు. తాడు వాసాన్ని చుట్టి ఉంటుంది కనుక గాలి పైకి లాగినా వాసం తేలికగా ఊడిరాదు. చట్రం ఊగినప్పుడు కట్టు కొంత సాగి ఆ తాకిడిని ఓర్చుకొంటుంది. తడికి, ఎండకు తాడు చివకడం దీని లోపం. అయితే ఆకు మార్చి కప్పు నేసే ప్రతిసారీ పాత కట్లు బయటపడేవి. చివికినవాటిని మార్చే అవకాశం ఉండేది. ఆ విధంగా కప్పునేతలోనే కూర్పుల తనిఖీ ఇమిడి ఉంది. ఉప్పెన ముందు మట్టిగోడ నిలవలేదన్నది వేరే విషయం.

చెక్క కూర్పు, పెంకు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టా వ్యవసాయం విస్తరించింది. సంపన్న కుటుంబాల మండువా లోగిళ్ళలో కలప చట్రం, పెంకుటి కప్పు ప్రధానమైనవి. దూలపు కొనను సన్నగా చెక్కి స్తంభపు బెజ్జంలో దించి, చెక్క చీలతో బిగించడం వడ్రంగుల పద్ధతి. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ పెంకుల కర్మాగారం నెలకొల్పిన తరువాత యంత్రపు పెంకు దక్షిణ భారతమంతటా వ్యాపించింది. పెంకుల బరువు కిందికి నొక్కుతుంది. ఈ కూర్పు ఆ బరువును మోయడానికి అనువైనది. కానీ పెనుగాలి వాలుకప్పు మీదుగా సాగినప్పుడు కప్పు పైకి లాగబడుతుంది. బద్దీల మీద ఊరక ఆనించిన పెంకు ఆ లాగుడుకు నిలవదు. పైగా కలప కప్పును ఏటేటా విప్పే పని లేనందున కూర్పుల తనిఖీ తగ్గింది.

1996 తుఫాను, తరువాతి ప్రమాణాలు

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను కోనసీమను అతలాకుతలం చేసింది. వెయ్యిమందికి పైగా మరణించారు. లక్షలాది ఇళ్ళు, కొబ్బరితోటలు దెబ్బతిన్నాయి. తుఫాన్లను తట్టుకొనే చిన్న ఇళ్ళ నిర్మాణానికి భారతీయ ప్రమాణాల సంస్థ 2004లో ఐ.ఎస్. 15498 మార్గదర్శకాలను వెలువరించింది. కప్పును గోడకు, గోడను పునాదికి గట్టిగా బంధించడం వాటిలో ముఖ్యాంశం.

వాసంలో నిలువుగా దిగ్గొట్టిన మేకును గాలి దాని పొడవునే లాగి ఊడదీస్తుంది. వాసాన్ని చుట్టివచ్చే ఇనుప పట్టీకి పక్కనుంచి కొట్టిన మేకు అడ్డంగా పనిచేస్తుంది కనుక అంత తేలికగా ఊడదు. చుట్టి పట్టుకోవడంలో ఇది నారకట్టు సూత్రమే. పలుచని ఉక్కు నిలువు కమ్మీలను మరమేకులతో, రేకు పట్టీలతో కలిపే నేటి చట్రాలకూ ఇదే వర్తిస్తుంది. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపడుతుంది కనుక జింకు పూత, తరచు తనిఖీ తప్పనిసరి.

ముగింపు

తాడు స్థానంలో ఇనుము వచ్చినా, తాడుతోపాటు ఉన్న తనిఖీ అలవాటు కొనసాగలేదు. కనుక కోనసీమ పాత ఇళ్ళను నమోదు చేసే పరిశోధకులు స్తంభాలను, చెక్కడాలను మాత్రమే కాక, కప్పు కింది కూర్పులను, వాటి స్థితిని కూడా నమోదు చేయడం అవసరం. రాబోయే తుఫానులో ఏ ఇల్లు ముందుగా విడిపోతుందో ఆ వివరాలే సూచించగలవు.