అమ్మ ఒడి చాలని చోటు: పిల్లల కారు సీటు చరిత్ర



పిల్లలు విదేశాలలో స్థిరపడుతున్నప్పుడు వారికి తోడుగా ప్రయాణమయ్యే తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు ఈ మధ్య నన్ను తరచుగా ఒక మాట అడుగుతున్నారు. "డాక్టరు గారూ, మనవడికి కారు సీటు ఇక్కడే కొని పట్టుకెళ్తే సరిపోతుందా? అసలు అంత పసిబిడ్డకు అది అవసరమా? ఒళ్ళో పెట్టుకుంటే చాలదా?" అవి చూడడానికి మూడు ప్రశ్నలు. మూడింటికీ సమాధానం ఒకే చరిత్రలో ఉన్నది. అది చెప్పబోయే ముందు నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి.

కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి పురిటికి నేనూ నా భార్యా అమెరికా వెళ్ళాము. ఆసుపత్రి నుంచి ఇంటికి బయలుదేరేటప్పుడు కారులో శిశువు సీటు ఉన్నదని నర్సు స్వయంగా చూచిన తరువాతనే బిడ్డను పంపింది. దారిలో బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. "పది నిమిషాల దూరమే కదమ్మా, తీసి మీ అమ్మ ఒడిలో పడుకోబెట్టు" అన్నాను. అల్లుడు మారు మాట్లాడకుండా కారు పక్కకు తీసి ఆపాడు. అమ్మాయి బిడ్డకు పాలిచ్చి, ఊరడించి, మళ్ళీ సీటులో పడుకోబెట్టి పట్టీలు బిగించింది. "నాన్నా, ఇన్నేళ్ళు క్యాజువాలిటీలో పనిచేసిన నువ్వే ఇలా అంటే ఎలా?" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

ఎందుకంటే ఆ జవాబు నేను ఎన్నోసార్లు కళ్ళారా చూచినదే. ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన కాలంలో, ఒళ్ళో బిడ్డతో కారు ముందు సీటులో కూర్చుని ప్రమాదానికి గురైన తల్లులు నా ముందుకు వచ్చారు. తల్లికి మోచేతి గాయం, బిడ్డకు తల గాయం. వారందరూ ఒకే మాట అనేవారు: "గట్టిగానే పట్టుకున్నానండీ." ఆ మాట నిజమే. ఆ తల్లులు పట్టు విడిచినవారు కారు. మనిషి చేతులకు లేని బలం అక్కడ అవసరమైంది, అంతే.

లెక్క చూడండి. గంటకు 48 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనినైనా ఢీకొంటే, ఆ దెబ్బ సుమారు తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీది నుంచి, నేల మీద పడడంతో సమానం. కారు ముందు భాగం నలుగుతూ అర మీటరు దూరంలో ఆగిందనుకుందాం. అందుకు పట్టే కాలం సెకనులో పదో వంతు కూడా ఉండదు. ఆ క్షణంలో పది కిలోల బిడ్డను నిలువరించాలంటే దాదాపు 180 కిలోల బరువును పట్టి ఆపేటంత బలం కావాలి. ఏ తల్లికి, ఏ మల్లయోధునికి అది సాధ్యం? పైగా తల్లి బెల్టు పెట్టుకోకపోతే ఆమె బరువే బిడ్డ మీద పడుతుంది.

ఆశ్చర్యమేమంటే, ఈ లెక్క మనుషులకు అర్థం కావడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

కదలకుండా కూర్చోబెట్టే కుర్చీ

1930లలో అమెరికాలో పిల్లల కారు కుర్చీలు అమ్మకానికి వచ్చాయి. వాటి ఉద్దేశం రక్షణ కాదు. పిల్లవాడు కారులో అటూ ఇటూ తిరిగి నడిపేవారికి అడ్డు రాకుండా ఉండాలి, కిటికీలోంచి బయటకు చూడగలగాలి, అంతవరకే. కారు ముందు సీటుకు కొక్కేలతో తగిలించే ఆ కుర్చీలు ప్రమాదంలో బిడ్డతో సహా ఎగిరిపడేవి. ఆ రోజులలో పెద్దవారికే బెల్టు లేదు. ప్రమాదం విధి రాత అనుకునేవారు.

ఆ భావనను మొదట ప్రశ్నించినవారిలో హ్యూ డి హేవెన్ ఒకరు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో, శిక్షణలో ఉండగా ఆయన విమానం కూలింది. ఆయన బతికాడు. ఎందుకు బతికాను అన్న ప్రశ్న ఆయనను జీవితమంతా వెంటాడింది. ఎత్తయిన భవనాల మీది నుంచి పడి కూడా బతికినవారి వివరాలను పరిశీలించి 1942లో ఒక వ్యాసం ప్రకటించాడు. శరీరం మీద పడే బలాన్ని ఎక్కువ వైశాల్యానికి, ఎక్కువ దూరానికి పంచగలిగితే మనిషి చాలా పెద్ద దెబ్బను తట్టుకోగలడు. పిల్లల సీటు వెనుక ఉన్న సూత్రం ఈనాటికీ ఇదే.

దానిని తన ఒంటి మీదనే పరీక్షించుకున్నవాడు అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ స్టాప్. రాకెట్లతో నడిచే బండిలో తనను తాను కట్టివేసుకుని, మహావేగంతో పోయి హఠాత్తుగా ఆగేవాడు. 1947లో తొలి ప్రయాణంలో ఆయన వెనుకకు తిరిగి కూర్చున్నాడు. 1954 డిసెంబరులో గంటకు వెయ్యి కిలోమీటర్లకు పైగా వేగం నుంచి 1.4 సెకన్లలో ఆగి బతికి బయటపడ్డాడు. వైమానిక దళం విమానాలలో కన్నా కార్లలోనే ఎక్కువ మందిని పోగొట్టుకుంటున్నదని ఆయన గుర్తించి, కార్లలో బెల్టు కోసం గట్టిగా వాదించాడు. 1959లో వోల్వో సంస్థలో ఇంజినీరు నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు బిందువుల బెల్టు కార్లలోకి వచ్చింది. అది పెద్దల శరీరానికి సరిపోయింది. మరి పిల్లల మాట?

వెనుకకు తిరిగిన సీటు

పసిబిడ్డ చిన్న పరిమాణంలో ఉన్న పెద్ద మనిషి కాదు. పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది. మెడలోని వెన్నుపూసలు ఇంకా పూర్తి ఎముకగా మారవు, వాటి భాగాలను మృదులాస్థి కలిపి ఉంచుతుంది. కండరాలు బలహీనం. ముందుకు తిరిగి కూర్చున్న శిశువు ఒళ్ళు పట్టీల దగ్గర ఆగినా తల ఆగదు. బరువైన ఆ తల లేత మెడను లాగుతుంది. ఎముకల గొలుసు కొంత సాగవచ్చును గాని, లోపలి వెన్నుపాము ఆ సాగుడును ఓర్చుకోలేదు.

ఈ చిక్కుకు పరిష్కారం చూపినవాడు స్వీడన్ వైద్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్. అంతరిక్షయానంలో జెమిని వ్యోమగాములు తమ శరీరానికి అమరిన ఆసనాలలో వెల్లకిల ఆనుకుని ఉండడం ఆయన ఆలోచనకు ప్రేరణ. రాకెట్టు బలాన్ని వారి వీపు మొత్తం పంచుకుంటున్నది. శిశువును కారులో వెనుకకు తిప్పి కూర్చోబెడితే, ఎదురుదెబ్బ తగిలినప్పుడు తల, మెడ, వీపు ఒకేసారి సీటులోకి ఒదుగుతాయి. 1964లో అటువంటి సీటు నమూనాను పరీక్షించారు. స్వీడన్‌లో నేటికీ నాలుగేళ్ళ వరకు పిల్లలను వెనుకకు తిప్పి కూర్చోబెట్టడం వాడుక.

అదే దశకంలో బ్రిటన్‌లో జీన్ ఏమ్స్, అమెరికాలో లెనర్డ్ రివ్‌కిన్ రక్షణ కోసమే రూపొందించిన సీట్లను తయారుచేశారు. అమెరికా ప్రభుత్వం 1971లో తొలి ప్రమాణం తెచ్చింది గాని, అందులో ఢీకొట్టించి చూచే పరీక్ష లేదు. అది తప్పనిసరి అయినది 1981లోనే.

చట్టంలో దూరిన ఒడి

సీటు వచ్చింది. కాని కొన్నవారు తక్కువ, వాడినవారు ఇంకా తక్కువ. ఇక్కడ కథలోకి ఒక ప్రభుత్వ వైద్యుడు వస్తాడు. అందుకే ఈ ఘట్టం నాకు ఎక్కువ ఇష్టం. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, రూథర్‌ఫోర్డ్ కౌంటీ ఆరోగ్యశాఖ అధికారి రాబర్ట్ శాండర్స్ పిల్లల వైద్యుడు. టీకాలు వేసి కాపాడిన పిల్లలు కారు ప్రమాదాలలో పోవడం ఆయన సహించలేకపోయాడు. భార్యతో కలిసి శాసనసభ్యుల వెంటపడ్డాడు. మొదటి ప్రయత్నం ఓడిపోయింది. రెండోసారి, 1977లో, నాలుగేళ్ళ లోపు పిల్లలను సీటులో కూర్చోబెట్టాలన్న చట్టం నెగ్గింది. 1978 జనవరి 1న అమలులోకి వచ్చిన ఆ చట్టం అమెరికా రాష్ట్రాలన్నిటిలో మొదటిది.

అయితే శాసనసభ అందులో ఒక మినహాయింపు చొప్పించింది. బిడ్డను పెద్దవారు చేతులలో పట్టుకుంటే సీటు అక్కరలేదు! నేను మా అమ్మాయితో అన్న మాటే అక్కడ చట్టంలో అక్షరాలా ఉన్నది. పసిబిడ్డను తల్లి నుంచి వేరు చేయడమేమిటన్న మమకారం ఒక్క మన దేశానిదే కాదు. శాండర్స్ పోరాటం ఆపలేదు. 1981లో ఆ మినహాయింపును తొలగించారు. 1985 నాటికి అమెరికాలోని రాష్ట్రాలన్నింటికీ పిల్లల సీటు చట్టాలు వచ్చాయి. ఆయనకు జనం పెట్టిన పేరు 'డాక్టర్ సీట్ బెల్ట్'.

తరువాత మరో పాఠం నేర్చుకోవలసి వచ్చింది. ముందు సీటులో ఎయిర్‌బ్యాగు వచ్చాక, 1990లలో, దాని ఎదుట వెనుకకు తిరిగి ఉన్న శిశువుల తలకు ఆ సంచీ దెబ్బే ప్రాణాంతకమైంది. పసివారి చోటు వెనుక సీటే అన్న నియమం ఆ ప్రాణాల ఖరీదుతో వచ్చినది.

సీటుకూ స్వదేశం ఉంటుంది

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఇక్కడ కొని పట్టుకెళ్ళవచ్చునా? వద్దని నా సలహా. పైన చెప్పిన చరిత్ర ప్రతి దేశంలో విడివిడిగా నడిచింది, కనుక ప్రతి దేశానికి తన ప్రమాణం, తన ముద్ర ఉన్నాయి. మన దేశపు ప్రమాణం ఏఐఎస్-072. అమెరికాలో వాడే సీటు మీద అక్కడి ఫెడరల్ ప్రమాణం 213కు లోబడినదన్న చీటీ ఉండాలి. కెనడా సీటుకు మేపుల్ ఆకు గుర్తు ఉండాలి. పొరుగున ఉన్న అమెరికా సీటైనా అక్కడ నివసించేవారికి చెల్లదు. బ్రిటన్‌లోను, ఐరోపాలోను ఆర్44 లేదా కొత్తదైన ఆర్129 ముద్ర చూడాలి. ఆస్ట్రేలియా సీటు పైభాగాన్ని కారుకు కట్టే పట్టీని నమ్ముకున్న దేశం. దానికి కావలసిన కొక్కెం 1976 నుంచే అక్కడి కొత్త కార్లలో తప్పనిసరి. తన ప్రమాణపు సీటును తప్ప మరొకదానిని ఆ దేశం ఒప్పుకోదు.

వయసు నియమాలూ వేరు. ఆర్129 ప్రకారం పదిహేను నెలలు నిండేదాకా బిడ్డ వెనుకకే తిరిగి ఉండాలి. బ్రిటన్‌లో పన్నెండేళ్ళు నిండేదాకా, లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా, వీటిలో ఏది ముందైతే అంతవరకు సీటు కావాలి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో ఇచ్చిన సలహా ఇంకా సరళమైనది: ఆ సీటు అనుమతించే గరిష్ఠ బరువు, ఎత్తు వచ్చేదాకా బిడ్డ వెనుకకే తిరిగి ఉండాలి.

కాబట్టి ప్రయాణానికి ముందే, వెళ్ళబోయే దేశంలోని మీ వారి చేత అక్కడి సీటు కొనిపించండి. విమానాశ్రయానికి వచ్చే కారులోనే దానిని బిగించి తెమ్మనండి. రెండు రోజుల ప్రయాణపు అలసటలో "ఇంటిదాకానే కదా" అనిపించే ఆ మొదటి ప్రయాణమే అసలు పరీక్ష. అక్కడి తెలుగు కుటుంబాలు ఉయ్యాల, బట్టలు, బొమ్మలు ఒకరికొకరు ఇచ్చుకుంటారు. అది మంచి అలవాటే. కాని సీటు విషయంలో, ప్రమాదానికి గురి కాలేదని నమ్మకంగా తెలిసినది, దాని మీద ముద్రించిన గడువు దాటనిది అయితేనే తీసుకోండి. చలిదేశాలలో దళసరి కోటు తొడిగి దాని పైన పట్టీలు బిగించకండి. కోటు నలిగి పట్టీ వదులవుతుంది. పట్టీ బిగించి పైన దుప్పటి కప్పండి. సీటు ఖరీదు కన్నా అది ఆ కారుకు, ఆ బిడ్డకు సరిగా అమరడం ముఖ్యం.

విదేశం వెళ్ళేవారికి మాత్రమే ఇదంతా అనుకోవద్దు. మన దేశంలో 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను బెల్టుతో గాని పిల్లల సీటుతో గాని భద్రపరచకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. అమెరికాలో మనవడిని పట్టీలు బిగించి తిప్పే మనం, అదే మనవడు సెలవులకు వచ్చినప్పుడు ముందు సీటులో ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాము. దెబ్బ లెక్క దేశాన్ని బట్టి మారదు కదా.

అమ్మ ఒడి గొప్పదే. పాలకు, జోలకు, జ్వరానికి దానిని మించిన చోటు లేదు. కదిలే కారులో మాత్రం బిడ్డను సీటుకు అప్పగించండి. బిడ్డ ఏడిస్తే కారు ఆపండి, ఎత్తుకోండి, ఊరడించండి, మళ్ళీ కట్టండి. ఆ రోజు మా అమ్మాయి చేసినదదే. ఇంటికి చేరడానికి మాకు పది నిమిషాలు ఆలస్యమైంది. "గట్టిగానే పట్టుకున్నానండీ" అన్న మాట మీ ఇంట ఎవరూ ఎన్నడూ అనవలసిన అవసరం రాకూడదని కోరుకుంటూ, సెలవు.